ముందు కత్తి వేసినవాడు

పోతయ్యకు రెండు పార్టీల మీదా సమానమైన అసహ్యం. గొడుగు పార్టీ బండి మైకులో అరుచుకుంటూ పోతే రోడ్డుకు ఎడమ పక్క ఉమ్మేవాడు. గంట పార్టీ బండి పోతే కుడి పక్క ఉమ్మేవాడు. "గురివింద గింజలు! ఎదుటోడి నలుపు తప్ప తన నలుపు కానరాదు నా కొడుకులకి" అనేవాడు. ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చి పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో ఓట్లడగడానికి తప్ప ఏ నాయకుడూ తమ ఊరు లోవు మట్టి తొక్కలేదని అతని ఫిర్యాదు.

ఆ అసహ్యమే అతన్ని సర్దార్ని చేసింది. చెరకు కోసే గ్యాంగులో ఇరవై మంది. అందరూ రైతులే. ఒకరి పొలం ఒకరు వరస ప్రకారం కోసుకోవాలి. పది మందిది గొడుగు, తొమ్మిది మందిది గంట. మిగిలిన ఒక్కడు పోతయ్య. ఎవరి పొలం ఏ రోజు కోయాలో, చెరకు మోసే చిన్న రైలు ట్రక్కులు ఎవరికెన్ని పంపమని మిల్లును అడగాలో చెప్పేది సర్దారే కాబట్టి, ఆ పని ఎదుటి పార్టీ వాడి చేతికిస్తే తమ చెరకు పొలంలోనే ఎండుతుందని రెండు వర్గాలకూ భయం. అందుకని ఏడేళ్లుగా రెండు వర్గాలూ పోతయ్యకే చేతులెత్తుతున్నాయి. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి కాస్త గర్వపడేవాడు కూడా.

పోలింగు ఇంకో వారం ఉందనగా, ఆ బుధవారం సాయంత్రం గ్యాంగులోని కుసుమ్ చెరకు అంటుకుంది.

కోత నుంచి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు పోతయ్య. కొండ వైపు నుంచి గాలి మొదలైంది. ముందు వాసన వచ్చింది, పాకం మాడిన వాసన. తర్వాత చిటపటలు వినిపించాయి. తడి గోనెసంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. అప్పటికే గ్యాంగులో సగం మంది చేరారు. పచ్చి కొమ్మలతో కొట్టారు, అడ్డంగా రెండు సాళ్లు నరికి మంటను ఆపబోయారు. గాలి ముందు మనిషి బలం ఎంతని? అరగంటలో నాలుగెకరాల ఆకంతా మాడిపోయి, చెరకు గడలు నల్లగా నిలువునా మిగిలాయి.

కుసుమ్ గట్టు మీద నిలబడి చూస్తోంది. భర్త పోయి రెండేళ్లు. గ్యాంగులో భర్త పేరు తీసేసి తన పేరు రాయించుకుని, మగాళ్లతో సమానంగా కత్తి పట్టే మనిషి. ఆమె ఏడవలేదు. పోతయ్య దగ్గరకు రాగానే ఒక్క మాట అడిగింది.

"మామా, ఎన్ని రోజులు ఆగుతాది?"

కాలిన చెరకు ఆగదు. నాలుగు రోజులు దాటితే లోపల పులుస్తుంది, మిల్లు వెనక్కి పంపేస్తుంది. ఈ చెరకు పోతే ఆమెకు వచ్చే ఏడు దాకా తిండి లేదు. లీజు కట్టకపోతే భూమీ ఉండదు.

"రేపే దిగుతాం. వరస తప్పించి నీదే ముందు" అన్నాడు పోతయ్య. సర్దార్ మాట కదా, జరిగిపోతుందనే అనుకున్నాడు.

*

గురువారం ఉదయం కత్తి నూరుకుని వెళ్లేసరికి పొలం దగ్గర కోతగాళ్లు లేరు, కారుంది. గొడుగు పార్టీ అభ్యర్థి తెల్ల చొక్కా మీద మసి పడకుండా గట్టు మీదే నిలబడ్డాడు. పక్కన ఫోటోలు తీసే మనిషి. ఆ వెనక, పార్టీ మైకు తన వ్యాను మీద కట్టుకుని నెల రోజులుగా ఊరంతా చెవుడు పట్టించిన రామ్ నారాయణ. గ్యాంగులో గంబూట్లు వేసుకుని కోసేవాడు అతనొక్కడే.

ఫోటోల మనిషి కుసుమ్‌ని కాలిన గడల ముందు నిలబెట్టాడు. అటూ ఇటూ చూసి, "చెప్పులు విప్పమ్మా" అన్నాడు.

కుసుమ్ అతని వంక చూసింది, తర్వాత పోతయ్య వంక చూసింది. చెప్పులు విప్పింది. కింద బూడిద ఇంకా వెచ్చగా ఉంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. వీళ్లు చుట్ట ముట్టించుకోవడమే కాదు, ఆ మంట వెలుతురులో ఫోటో కూడా దిగుతారు.

అభ్యర్థి రామ్ నారాయణ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇది గంట వాళ్ల పనేనని అందరికీ తెలుసు. నువ్వు చూశావుగా? ఇద్దరు మనుషులు, అగ్గిపెట్టె. పేపరాయనకి చెప్పు."

రామ్ నారాయణ గంబూటుతో ఒక నల్లటి గడను అటూ ఇటూ దొర్లించాడు. చాలాసేపు దొర్లించాడు.

"హమ్ నై దేఖా" అన్నాడు. నేను చూడలేదు.

"చూడలేదా? నీ ఇల్లు ఇక్కడే కదా!"

"హమ్ నై దేఖా, సర్."

అభ్యర్థి చెయ్యి అతని భుజం మీంచి జారింది. ఊరికి జె.పి.ని, గౌరవ న్యాయాధికారిని, చేయిస్తానని రామ్ నారాయణకు అతనిచ్చిన మాట కూడా ఆ చేత్తోనే జారిపోయిందని అక్కడున్న వాళ్లందరికీ అర్థమైంది. పోతయ్య మాత్రం ఎడమ పక్కకు ఉమ్మాడు. నెల రోజులుగా మైకులో అబద్ధాలు అరిచినవాడికి, తీరా అవసరమొచ్చేసరికి అబద్ధమాడే దమ్ము కూడా లేకపోయిందే అనుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ అభ్యర్థి చెప్పిన మాట మాత్రం పోతయ్యకు కత్తి దిగినట్టు దిగింది. "రాజధాని సువా నుంచి మా పెద్దాయన శనివారం వస్తున్నారు. కళ్లారా చూడాలి. అప్పటిదాకా ఒక్క గడ కూడా కోయొద్దు."

మధ్యాహ్నం గంట పార్టీ వాళ్లొచ్చారు. వీళ్ల అభ్యర్థి ఇంకా మర్యాదస్తుడు. కుసుమ్‌ని అక్కా అని పిలిచాడు. పిలిచి, "ఆ మసి కొంచెం చెంపకి రాసుకో అక్కా, ఫోటోలో తెలీడం లేదు" అన్నాడు. వాళ్ల తరఫున శివ ప్రసాద్ ఉన్నాడు, స్కూలు కమిటీ మేనేజరు. చిన్నప్పుడు చెరకు కత్తి కింద కుడికాలి బొటనవేలు పోగొట్టుకుని, ఇక పోయేదేముందని అప్పట్నుంచీ ఉత్తి కాళ్లతోనే తిరిగే మనిషి. అతన్నీ అదే అడిగారు. గొడుగు వాళ్లు కిరసనాయిలు డబ్బాతో పోతుంటే చూశావు కదా అని.

శివ ప్రసాద్ తలకాయ గోక్కున్నాడు. "లేదండీ. నేను చూడలేదు."

"ఏజెంటుగా నిన్ను పెట్టి తప్పు చేశాం" అన్నాడు ఆ మర్యాదస్తుడు. అక్కడికక్కడే అతని జేబుకున్న గంట బిళ్ల పీకి, కారు డ్రైవరు జేబుకు గుచ్చాడు. "శనివారం మా నాయకుడొస్తారు. సాక్ష్యం చెడగొట్టకండి. కోత వద్దు."

పోతయ్య కుడి పక్కకు ఉమ్మాడు. అసలు సిసలు దొంగలయినా ఒక పద్ధతి. ఈ పిరికి దొంగల్ని చూస్తే అతనికి మరీ రోత పుట్టింది.

*

శుక్రవారం తెల్లవారి ఇంటింటికీ తిరిగి పిలిచాడు. ఒక్కరూ కదల్లేదు. గొడుగు వాళ్ల ఇంట్లో ఒకడన్నాడు, "మేం ముందు కత్తి వేస్తే, సాక్ష్యం మాపడానికే దిగాం, మేమే అంటించాం అంటారు మామా. ముందు వాళ్లని వెయ్యమను." గంట వాళ్ల ఇంట్లో కూడా ఇదే మాట. పదాలు కూడా మారలేదు. ఇద్దరికీ ఒకే బళ్లో నేర్పారా అనిపించింది.

"ఆ మనిషి అన్నం పోతాది రా!" అని అరిచాడు పోతయ్య.

"శనివారం దాకానే కదా మామా" అన్నారు.

చివరికి పొలంలో దిగింది ఇద్దరే, పోతయ్య, కుసుమ్. రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టారు. నడుం వంచి, గడను ఎడం చేత్తో పట్టుకుని, మొదలంటా ఒక వేటు, లేచి కొసకు ఒక వేటు, పక్కకు విసురు. కాలిన చెరకుకు ఆకు ఉండదు కనుక కోత సులువే, కానీ మసి కళ్లలో పడుతుంది, ముక్కులో దూరుతుంది, చెమటతో కలిసి మెడ మీద కారుతుంది. పది గంటలకల్లా ఇద్దరూ ఒకే రంగుకు వచ్చారు. ఇరవై మంది ఒక్కరోజులో ముగించే పొలం. ఇద్దరైతే పదిరోజులకు కూడా తెమలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా కోశారు.

"ఎవరు అంటించారంటావు మామా?" అంది కుసుమ్ ఒకసారి, నీళ్లు తాగుతూ.

"ఎవడైతేనేం, రెండిట్లో ఒకడు. ఆ బురదలో ఒక్కడైనా మనిషనేవాడుంటే సూపించు నాకు."

కుసుమ్ మూతి తుడుచుకుని మళ్లీ కత్తి అందుకుంది.

మధ్యాహ్నం దాటాక, తీసి వేసుకునే రైలు పట్టాలు ఎటు నుంచి పరిస్తే ట్రక్కులు పైదాకా వస్తాయో చూద్దామని పోతయ్య పై గట్టుకు నడిచాడు. గట్టుకు అవతల తన సొంత పొలం. పోయిన వారమే కోత అయింది. సోమవారం తనే ఎండాకు కాల్చాడు, ఏటా కాల్చినట్టే. గట్టు మీద ఎప్పుడో కొట్టేసిన మామిడిచెట్టు మొద్దు ఒకటుంది. దానికి నిప్పంటుకుంటే ఏటా పోసినట్టే రెండు బకెట్ల నీళ్లు పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఆరిపోయిందని ఇంటికెళ్లాడు.

ఇప్పుడు ఆ మొద్దు కనపడటం లేదు. దాని చోట కొత్తగా తవ్విపోసిన మట్టిదిబ్బ ఉంది.

పోతయ్య కాలితో మట్టి తోశాడు. సన్నగా పొగ వచ్చింది. వంగి చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మొద్దు పైకి నల్లగా చల్లారినట్టే ఉంది. లోపల వేళ్లలో మాత్రం ఐదు రోజుల నిప్పు ఇంకా కణకణలాడుతోంది. మొద్దు దగ్గర్నుంచి కుసుమ్ మొదటి సాలు దాకా చాప వెడల్పున గడ్డి మాడి ఉంది. బుధవారం గాలి ఏ వైపు వీచిందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చాలాసేపు కూర్చున్నాడు. గ్యాంగు కాగితం మీద ఒక షరతు తను పట్టుబట్టి రాయించినదే. ఎవడి నిప్పు ఎవడి చెరకును ముట్టుకున్నా, వాడు మళ్లీ ఈ గ్యాంగుకు సర్దార్ కాకూడదు, కాలిన చెరకులో మొదటి కత్తి వాడిదే కావాలి. సంతకాలు పెట్టించిన రోజు ఎంత గొంతు చించుకున్నాడో గుర్తొచ్చింది.

తర్వాత మట్టి మీద అడుగులు చూశాడు. రెండు రకాలున్నాయి. ఒకటి గంబూటుది. ఇంకోటి ఉత్తికాలిది, నాలుగే వేళ్లు.

*

పొద్దు వాలకముందే ఇద్దరికీ కబురు పెట్టి అక్కడికే రప్పించాడు. రామ్ నారాయణ గట్టుకు ఇటు చివర, శివ ప్రసాద్ అటు చివర నిలబడ్డారు. మధ్యలో మట్టిదిబ్బ.

"ఎవరు కప్పారు ఇది?"

శివ ప్రసాద్ అన్నాడు, "నేనే."

"నువ్వే ఏంటి? పార నాది! తవ్వింది నేను. నువ్వు తొక్కావంతే" అన్నాడు రామ్ నారాయణ. ఇందులో కూడా ఎదుటి పార్టీకి పేరు పోనివ్వడానికి అతనికి మనసు రాలేదు.

జరిగింది నెమ్మదిగా బయటికొచ్చింది. గురువారం తెల్లవారకముందే రామ్ నారాయణ గంట వాళ్ల మీద సాక్ష్యం వెతకడానికి వచ్చాడట, కిరసనాయిలు డబ్బా అయినా దొరక్కపోతుందా అని. అటు నుంచి శివ ప్రసాద్ కూడా అందుకే వచ్చాడట. కాలిన గడ్డి వెంట ఇద్దరూ తలొక వైపు నుంచి నడిచి ఈ మొద్దు దగ్గర తలలు ఢీకొట్టుకున్నంత పని చేశారు.

"మరి చెప్పలేదేం?" అడిగాడు పోతయ్య. "మీ వాళ్లడిగారు గదా."

"అడిగారు. గంట వాళ్లని సూశానని సెప్పమన్నారు. సూడనిది ఎలా సెప్పను?" అన్నాడు రామ్ నారాయణ. గంబూటు వైపు చూసుకున్నాడు. "సూసింది మాత్రం ఎలా సెప్పను మామా?"

శివ ప్రసాద్ గరుకుగా అందుకున్నాడు. "నీ మొహం సూసి దాచాననుకోకు. నువ్వు దిగిపోతే సర్దార్ ఎవడు? వీడా? వీడైతే నేను కత్తి పట్టను. నేనైతే వీడు పట్టడు. గ్యాంగు ముక్కలైతే ఇరవై పొలాలు ఎండుతాయి. మళ్లీ ఏడు నీతో తేల్చుకుందాం అనుకున్నా."

"మరి కుసుమ్ చెరకు?"

ఇద్దరూ తలలు దించారు.

"రేపు పెద్దోళ్లు పోగానే అందరం దిగుదామనుకున్నాం. ట్రక్కులకి కూడా సెప్పి ఉంచాను" అన్నాడు రామ్ నారాయణ.

"ముందు ఎవరు దిగుతారు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. శివ ప్రసాద్ నిజాయితీగానే చెప్పాడు. "అదొక్కటే తెమల్లేదు."

పోతయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ఇద్దర్నీ చూశాడు. ఒకడు జె.పి. పదవి వదులుకున్నాడు, ఒకడు నలుగురిలో జేబు బిళ్ల పీకించుకున్నాడు. చేసింది చాలా మంచి పనీ కాదు. తన పరువు కాపాడుతూ ఒక ఆడమనిషి కూడును పులియబెట్టారు. అయినా అబద్ధం మాత్రం ఆడలేదు. ఏడేళ్లుగా తను అటొకసారి ఇటొకసారి ఉమ్మింది వీళ్ల మీదేనని తలచుకుంటే, నోట్లో ఉమ్మి చేదెక్కింది. ఈసారి దాన్ని ఏ పక్కకు ఉమ్మాలో తెలియక మింగాడు.

*

శనివారం పదిన్నరకు గొడుగు పెద్దాయన కారు ఉత్తరం నుంచి వచ్చింది. గంట నాయకుడి కారు దక్షిణం నుంచి వచ్చింది. కుసుమ్ పొలం పక్క చెరకు దారి ఒక్క బండికి సరిపడా ఉంటుంది. రెండు కార్లూ ముక్కూ ముక్కూ ఆనించి ఆగాయి. వెనక్కి పోయేదెవరు? ముందు వీళ్లు హారన్ కొట్టారు, తర్వాత వాళ్లు కొట్టారు. రెండు మైకులూ ఒకేసారి మొదలయ్యాయి. గ్యాంగు మొత్తం రెండు జట్లుగా గట్టుల మీద నిలబడి, కత్తులు చంకలో పెట్టుకుని చూస్తోంది. నల్లటి చెరకు మాత్రం ఎండలో నిలబడి ఉంది. నాలుగో రోజు నడుస్తోంది.

పోతయ్య రెండు కార్ల మధ్య సందులోకి దూరాడు. రామ్ నారాయణ చేతిలో మైకు అడిగాడు. అతను మొహంలోకి చూసి, ఏం చేయబోతున్నాడో గ్రహించి, "వద్దు మామా" అన్నాడు. పోతయ్య లాక్కున్నాడు.

"ఎవరూ అంటించలేదు" అన్నాడు. మైకు కీచుమంది. "గొడుగూ అంటించలేదు, గంటా అంటించలేదు. నేను. పోతయ్యని. సోమారం నా ఎండాకు కాల్చాను. పైన మామిడి మొద్దు పూర్తిగా ఆర్పకుండా ఇంటికి పోయాను. గాలికి అదే వచ్చింది. కావాలంటే ఎల్లి చెయ్యి పెట్టి సూడండి, ఇంకా కాలుతాది."

హారన్లు ఆగాయి. మైకును కారు మీద పెట్టాడు. కుసుమ్ వైపు తిరిగి, మైకు లేకుండా, "తప్పయిపోయింది తల్లీ" అన్నాడు.

ఆమె తలెత్తి పై గట్టు వైపు చూసింది.

గొడుగు పెద్దాయన అద్దం దించి, "యాక్సిడెంటా?" అని పక్కవాణ్ణి అడిగాడు. అవునన్నారు. అద్దం ఎత్తాడు. హారన్లతో తెమలని పంతం చిటికెలో తెమిలిపోయింది. రెండు కార్లూ వెనక్కి నడిచాయి, ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి. కుసుమ్‌తో మాట్లాడాలని ఎవరికీ గుర్తు రాలేదు. ఫోటోల మనిషి మాత్రం పోతయ్యను ఒక ఫోటో తీసి, పనికిరాదనుకున్నాడేమో, పరుగెత్తి కారెక్కాడు.

గట్ల మీద ఎవరూ కదల్లేదు. పోతయ్య తలపాగా విప్పి, మిల్లు ట్రక్కుల చీటీల కట్ట అందులో పెట్టి గట్టు మీద ఉంచాడు. ఏడేళ్లుగా అతని నడుముకున్న కట్ట అది. కత్తి తీసుకుని దిగాడు. కాగితం మీద రాసింది రాసినట్టే, ఆ రోజు మొదటి వేటు అతనిదే. మొదలంటా ఒకటి, కొసకు ఒకటి, పక్కకు విసురు.

మూడో గడ విసిరేసరికి కుడి పక్క గంబూట్ల చప్పుడు వినపడింది. ఎడమ పక్క నాలుగు వేళ్ల కాలు పడింది. ఆ వెనక పదిహేడు మందీ దిగారు. ఏ సాలులో ఏ పార్టీ వాడున్నాడో ఇక తెలియలేదు, అందరూ మసే.

"చీటీలు ఇక ఎవడు సూత్తాడు?" అన్నాడు శివ ప్రసాద్, వంగి కోస్తూనే.

"నువ్వు మాత్రం సూడవు" అన్నాడు రామ్ నారాయణ అటు నుంచి.

"నీకిస్తే మిల్లుకి చెరకు బదులు మైకు పంపుతావు."

ఇద్దరి మధ్యా పోతయ్య నోరెత్తకుండా కోశాడు. అలా వాదించుకుంటూనే మధ్యాహ్నానికి సగం పొలం పడగొట్టారు. మొదటి ట్రక్కులు నిండి మిల్లు వైపు కదిలాయి. ఆ చప్పుడుకు కుసుమ్ ఒకసారి నిటారుగా లేచి చూసి, మళ్లీ వంగింది.

నీళ్ల వేళకు బకెట్టు ఆమే తెచ్చింది. వరసగా ఒక్కొక్కరి దోసిట్లో పోసింది. రామ్ నారాయణకు పోసింది. పోతయ్యను దాటి వెళ్లి శివ ప్రసాద్‌కు పోసింది. చివరిదాకా వెళ్లి, నిండు బకెట్టు ఇంకోటి తీసుకుని వెనక్కి వచ్చింది. పోతయ్య దోసిలి పట్టాడు. ఆమె పోయలేదు. బకెట్టు అతని కాళ్ల దగ్గర దించింది.

"ముందు ఆ మొద్దు మీద పోసి రా మామా" అంది. "తరవాత తాగుదువు."

పోతయ్య బకెట్టెత్తుకుని గట్టెక్కాడు. మట్టి తోసి, వేళ్ల సందుల్లోకి నెమ్మదిగా పోశాడు. బుస్సుమంది. కిందికి దిగి ఇంకోటి తెచ్చాడు, ఆ తర్వాత ఇంకోటి. నాలుగోసారి దిగుతుంటే రామ్ నారాయణ ఒక బకెట్టుతో, శివ ప్రసాద్ ఒక బకెట్టుతో, ఎవరు ముందు ఎక్కాలో తేల్చుకోలేక గట్టు కింద నిలబడి ఉన్నారు. పోతయ్య ఇద్దరి చేతుల్లోంచీ రెండూ అందుకున్నాడు.

ఏడో బకెట్టుకు కూడా లోపలెక్కడో సుర్రుమంది. అతను ఎనిమిదో దానికి దిగాడు.